పదిహేడో నంబరు ఎలుగు హాజరు

నాకు అన్నిటికంటే పెద్ద భయం, మా ఆయన అడవి నుంచి ఇంటికి రాడేమోనని. వేరే భయాలు లేవని కాదు. పాలలో బల్లి పడిందేమో, పాప బావి వైపు వెళ్లిందేమో, కడుపులో బిడ్డ పొద్దున్నుంచి కదలలేదేమో అని రోజంతా ఏదో ఒకటి ఉంటుంది. అవన్నీ వచ్చి పోతుంటాయి. ఈ ఒక్కటి మాత్రం పీట వేసుకుని కూర్చుంటుంది.

మాది సున్నిపాడు. ఊరి వెనక ఇనప కంచె, కంచె అవతల వెదురుకోన అభయారణ్యం. మా ఆయన తిరుపాలు అందులో వాచరు, పర్మినెంటు కాదు. ఆరు రోజులు లోపల క్యాంపులో ఉండి శనివారం ఇంటికి వస్తాడు. పెళ్లయిన ఆరేళ్లలో ఒక్క శనివారం తప్పినట్టు నాకు గుర్తు లేదు.

ఆయనకు జంతువుల పిచ్చి చిన్నప్పటిది. మేకల్ని తోలుకెళ్లమంటే వాటిని గాలికి వదిలేసి ముళ్లపంది బొరియ ముందు బోర్లా పడుకునేవాడట. మేకలు ఎవరి చేలోనో పడేవి, దెబ్బలు ఈయనకు పడేవి. పెళ్లిచూపుల్లో నన్ను ఒకే ఒక్క మాట అడిగాడు, ఒళ్లంతా పొలుసులుండే అలుగును ఎప్పుడైనా చూశావా అని. చూడలేదన్నాను. జాలిగా చూశాడు. నన్ను ఎనిమిదో తరగతితో చదువు మాన్పించామని మా నాన్న నసుగుతూ చెప్పినప్పుడు కూడా అంత జాలి పడలేదు.

పెళ్లిళ్లకు ఫోటోలు తీసే ఒకాయన ఆ పని మానేసి కోళ్లఫారం పెట్టుకుంటుంటే, ఆయన పాత కెమెరాను ఈయన తెచ్చుకున్నాడు. దాని బెల్టు మీద ఇప్పటికీ 'శుభలగ్నం వారి' అని సగం చెరిగిన అక్షరాలున్నాయి. ఖాళీ దొరికితే ఆ కెమెరా మెడలో వేసుకుని వాగుల వెంట కూర్చుంటాడు. ఆయన ఫోటోల్లో ముఖాలు తక్కువ. నీళ్లు తాగే దుప్పి వీపు, చెదల పుట్టలో తల దూర్చిన ఎలుగు వెనక భాగం, పొదలోకి పోతున్న కణితి జింక తోక. ముఖం కనపడేటట్టు తీయొచ్చు కదా అని నేనంటే, "ఇటు తిరగమని చెప్పటానికి అదేమన్నా మన పెళ్లికొచ్చిందా" అంటాడు.

ఆయన తీసిన వాటిలో ఒక ఫోటో ఉంది. తల్లి ఎలుగు, వీపు మీద రెండు పిల్లల్ని ఎక్కించుకుని వాగు దాటుతున్నది. దాని కోసం పదకొండు రోజులు దూరంగా బండ వెనక కూర్చున్నాడు. రేంజరు శేషగిరి గారు దాన్ని ఫ్రేము కట్టించి తమ కుర్చీ వెనక తగిలించారు. కింద 'సౌజన్యం: రేంజి కార్యాలయం' అని రాయించారు. ఈ పాట్లన్నీ ఆ ఫోటో దగ్గరే మొదలయ్యాయి.

రాజధాని నుంచి తనిఖీకి వచ్చిన ఒక ప్రత్యేకాధికారి దాన్ని చాలాసేపు చూసి, ఈ ఎలుగు రోజూ వస్తుందా అని అడిగారట. రేంజరు గారికి ఆ సంగతి తెలియదు. తెలియదని చెప్పే అలవాటూ లేదు. వచ్చేలా చర్యలు తీసుకుంటున్నాం సార్ అన్నారట. ఆ మాట ప్రత్యేకాధికారి గారికి బాగా నచ్చింది. నెలన్నర తిరిగేసరికి వన్యప్రాణి ముఖ హాజరు పథకం వచ్చింది.

ఆ ఉత్తర్వు కాపీ మా ఇంట్లో ఉంది, మా ఆయన అటక మీద దాచాడు. అందులో మొదటి మాట ఇది: "అభయారణ్యమునందు నివసించు ప్రతి ప్రాణియు ప్రభుత్వ రక్షణ పొందుచున్నందున, సదరు రక్షణకు తాను అర్హత కలిగియున్నట్లు దినమునకు రెండు పర్యాయములు స్వయముగా హాజరై రుజువు చేసుకొనవలెను."

అంటే ప్రతి జంతువుకూ ఒక నంబరు, ఫోనులో ఒక యాప్. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు లోపల ఒకసారి, మూడు నుంచి ఐదు లోపల ఒకసారి, వాచరు వెళ్లి జంతువు ముఖం ఫోటో తీయాలి. ముఖం సూటిగా ఉండాలి, రెండు చెవులూ కనపడాలి, కళ్లు మూయకూడదు, ఆరడుగుల లోపు నుంచి తీయాలి. మూడు రోజులు రాకపోతే దాని గుహ దగ్గర నోటీసు అంటించాలి. ఏడు రోజులు రాకపోతే పేరు కొట్టేయాలి. పేర్లు తగ్గిన అడవిని 'ప్రాణిరహిత ప్రాంతం' అని రాసి అభయారణ్యం లెక్కలోంచి తీసేయాలి. ఆ ఆఖరి మాట బయటికి వచ్చిన వారానికే, టేపులు పట్టుకున్న క్వారీ మనుషులు వెదురుకోన గుట్ట చుట్టూ కొలతలు వేస్తూ మా అత్తకు కనపడ్డారు.

గుడ్లగూబలు పగలు కళ్లు తెరవడం లేదని మొదటి వారంలోనే తేలింది. వాటిని వదిలేద్దామని ఎవరూ అనలేదు. వాటికి పథకం గురించి తెలియకపోవడం వల్ల ఇలా జరుగుతున్నదని రేంజరు గారు గుర్తించి, అవి ఉండే మద్దిచెట్టు కింద అవగాహన సదస్సు పెట్టారు. షామియానా వేశారు, మైకు పెట్టారు, వచ్చిన వాళ్లకు టీ, బిస్కెట్లు ఇచ్చారు. నిబంధనలు చదివి వినిపించగా లబ్ధిదారుల నుంచి ఎలాంటి అభ్యంతరమూ రాలేదని రిజిస్టరులో రాశారు.

ముళ్లపందికి నోటీసు ఇచ్చిన రోజు మా అత్త అక్కడే ఉంది. బీటు ఆఫీసరు మస్తాన్ వలి అన్న బొరియ ముందు నిలబడి, 'తమరు మూడు దినములుగా గైర్హాజరైనందున' అని నోటీసు మొత్తం గట్టిగా చదివాడు. ఇద్దరు సాక్షులు కావాలి. ఒక సాక్షి ఆయన డ్రైవరు, రెండో సాక్షి మా అత్త. వేలిముద్ర వేసి ఇంటికొచ్చి, ముళ్లపంది లోపలే ఉంది, అంతా వింటానే ఉంది అని చెప్పింది.

ఇక ఎలుగు. ఆ ఫోటోలో ఉన్న తల్లి ఎలుగుకే పదిహేడో నంబరు ఇచ్చారు. నంబరు ఇవ్వడానికి మొదటిసారి ముఖం ఫోటో కావాలి కదా. మా ఆయన పాత ఫోటోల్లో దొరికిన ఒక మసక ముఖాన్ని పెద్దది చేసి ఎక్కించారు. ఆ తర్వాత నుంచి రోజూ రెండుసార్లు తీయాల్సింది మా ఆయనే. పిల్లల తల్లి ఎలుగు, ఆరడుగుల దూరం, ఎదురుగా నిలబడి.

అది విన్న దగ్గర నుంచి నాకు అన్నం సహించలేదు. అప్పటికి నాకు ఆరో నెల. కడుపుతో ఉన్న ఆడదాని మొగుడు క్షవరం చేయించుకోకూడదని మావైపు పద్ధతి. మొదటి కాన్పుకు క్యాంపు వాళ్లు నవ్వుతున్నారని ఈయన గడ్డం గీయించుకుంటే, పాప పుట్టగానే పది రోజులు కామెర్లతో పడుకుంది. అందుకని ఈసారి నేనే ఒట్టు వేయించుకున్నాను. గడ్డం గుండెల దాకా వచ్చింది, జుట్టు చెవుల్ని కప్పేసింది. అడవిలో నూనె ఎక్కడిది, అంతా అట్టలు కట్టింది.

ఎలుగు దగ్గరికి పోవద్దని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆయన నింపాదిగా చెప్పాడు. "నన్నేదో చేసిద్దని కాదే కాశీ. నేను రోజూ పొయ్యి మొహం మీద ఫోను పెడితే అది బెదిరి పిల్లల్ని వదిలేసి పోయిద్ది. అట్టా వదిలేసిన పిల్లల్ని నేను చూశా."

రెండు రోజులు వెళ్లలేదు. మూడో రోజు సాయంత్రానికి నోటీసు తయారవుతుంది. ఆ రోజు పొద్దున తన సొంత హాజరు వేసుకుందామని ఆయన ఫోను ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. వాచర్లకు కూడా అదే యాప్, అదే హాజరు. ఉద్యోగంలో చేరినప్పటి నున్నటి గడ్డం ఫోటో అందులో ఉంది. యాప్ కాసేపు ఆలోచించి, 'వాచర్ తిరుపాలు: సరిపోలలేదు' అన్నది. ఇంకాసేపు ఆలోచించి, 'ఎలుగు 17: హాజరు. పోలిక తొంభై మూడు శాతం. ధన్యవాదాలు' అన్నది.

ఆయన దాచలేదు. నేరుగా రేంజరు గారి దగ్గరికి వెళ్లి చూపించాడు. మస్తాన్ వలి అన్న పక్కనే ఉన్నాడు కాబట్టి ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. రేంజరు గారు ఫోను చూశారు, మా ఆయనను చూశారు, మళ్లీ ఫోను చూశారు. "చూడు తిరుపాలూ, మనిషి అన్నవాడు పొరపాటు చేస్తాడు. యంత్రం చేయదు. యంత్రం నిన్ను ఎలుగు అన్నదంటే, ఆ మేరకు మనం నిన్ను గౌరవించాలి" అన్నారు.

మా ఆయన ఒప్పుకున్నాడు. నన్ను అడగలేదు. తను రోజుకు రెండుసార్లు ఫోను ముందు కూర్చుంటే ఆ తల్లి దగ్గరికి ఎవరూ పోనక్కర్లేదు, గుట్టను ఎవరూ కొలవనక్కర్లేదు అనుకున్నాడు. నేనూ లోపల సంతోషించానని చెప్పాలి. ఆరడుగుల దూరం పోయింది, మనిషి క్షేమం. నెల తిరిగేసరికి పదిహేడో నంబరుకు నూటికి నూరు హాజరు వచ్చింది. జిల్లాలో ఏ జంతువుకూ రాలేదు. క్రమశిక్షణ గల ఎలుగు అని పేపర్లో రాశారు. రేంజరు గారికి శాలువా కప్పారు. అదే నెలలో వాచరు తిరుపాలు ఒక్కరోజూ హాజరు కాలేదు కాబట్టి మా తలుపుకు నోటీసు అంటించారు. మస్తాన్ వలి అన్న మొత్తం చదివాడు. సాక్షి సంతకం నేనే పెట్టాను.

ఆ నెల శనివారాల్లో సాయంత్రం హాజరు అడవిలోనే వేసి చీకటి పడ్డాక వచ్చి, తెల్లారకముందే వెళ్లేవాడు. ఆ వచ్చిన శనివారం మాత్రం మధ్యాహ్నానికే ఇంటికి వచ్చాడు. స్నానం చేసి, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని పప్పన్నం కలుపుతున్నాడు. హాజరు ఫోను గూట్లో ఉంది. మూడున్నరకు దానికి ముఖం చూపించాడు. అది ధన్యవాదాలు చెప్పింది. పావుగంటకు వీధి చివర డప్పులు వినపడ్డాయి. ఎవరి ఇంట్లో పెళ్లి అనుకున్నాను. జీపు వచ్చి మా వాకిట్లోనే ఆగింది. వెనక ట్రాలీలో బోను, వల, టపాకాయల సంచి.

యాప్ నుంచి హెచ్చరిక వెళ్లిందట. ఎలుగు 17 సరిహద్దు దాటి సున్నిపాడు గ్రామంలో ఇంటి నంబరు మూడు బై నలభై ఒకటిలో ప్రవేశించింది అని.

దిగిన వాళ్లంతా తెలిసిన వాళ్లే. మా ఆయనతో క్యాంపులో అన్నం వండుకు తినేవాళ్లే. డప్పు కొట్టేవాడు చిన్నగా కొట్టాడు. మస్తాన్ వలి అన్న తల వంచుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"తిరుపాలూ, ఏమనుకోమాక. బోనులో కూసో. ఒక్క ఫోటో, అంతే."

"అన్నా, చెయ్యి కడుక్కుని వస్తా."

"కడుక్కో, కడుక్కో. తొందరేం లేదు. పాపా, నాన్న చెయ్యి వదులమ్మా."

మా మోక్షితకు నాలుగేళ్లు. నాన్న బండెక్కుతున్నాడని తనూ ఎక్కుతానని ఏడ్చింది. ఒకతను దానికి అరటిపండు ఇచ్చాడు. ఆ పండు ఎలుగు కోసం తెచ్చింది. ఎలుగును ఎలాంటి గాయాలూ లేకుండా పట్టుకుని సహజ ఆవాసంలో సురక్షితంగా వదిలినట్టు ఫోటోలు తీశారు, ఇక కంచె దాటితే మళ్లీ బోనేనన్నారు. వెళ్లే ముందు మా అత్తకు ఒక ఫారం ఇచ్చారు. వన్యప్రాణి ప్రవేశం వల్ల జరిగిన నష్టం రాయాలట. మా అత్త చాలాసేపు ఆలోచించి, సగం కంచం పప్పన్నం అని రాయించింది. తర్వాత, మా అబ్బాయి అని కూడా రాయమంది. దానికి గడి లేదన్నారు.

ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే అత్తతో చెప్పాను, గడ్డం గీయించేద్దాం అని. అత్త నిప్పులు తొక్కినట్టు ఎగిరింది. కడుపులో బిడ్డకు ఏమన్నా అయితే ఎవరిదే పూచీ అన్నది. నాకు భయం లేదా. ఆ ఒట్టు వేయించింది నేనే. కానీ గడ్డం ఉన్న మొగుడు బోనులో ఉండటం కంటే, గడ్డం లేని మొగుడు గుమ్మంలో ఉండటం నయం అనిపించింది. మంగలి బాలనాగయ్యను కూడా పిలుచుకుని రేంజి ఆఫీసుకు వెళ్లాను.

రేంజరు గారు నన్ను కూర్చోమన్నారు, మంచినీళ్లు ఇప్పించారు. ఆయన చెడ్డమనిషి కాదు. బాలనాగయ్య చేతిలో పెట్టె చూసి మాత్రం లేచి నిలబడ్డారు. వన్యప్రాణి చట్టం షెడ్యూలులో ఉన్న ప్రాణి ఒంటి మీద వెంట్రుక తీయడం నేరమని, కత్తెరతో లోపలికి రావడం నేరానికి సన్నాహమని చెప్పారు. బాలనాగయ్య పెట్టె అక్కడే పెట్టేసి వెళ్లిపోయాడు. దాన్ని ఇంకా తిరిగివ్వలేదు.

ప్రత్యేకాధికారి గారు మళ్లీ వస్తున్నారని, నా విన్నపం ఆయనకే చెప్పుకోమని పంపారు. పదో రోజున విచారణ పెట్టారు. ప్రత్యేకాధికారి గారు సన్నగా, మర్యాదగా ఉన్నారు. నా ముఖం వైపు కాక కాగితం వైపు చూస్తూ అడిగారు.

"సదరు ఎలుగుతో మీ సంబంధం?"

"భార్యను సార్."

"అలాంటి గడి లేదమ్మా. స్థానికులు ఉంది, పశువుల కాపరులు ఉంది, సందర్శకులు ఉంది."

"ఆయన మనిషి సార్. మీరే ఒకసారి పిలిచి చూడండి."

"చూడటం మా పద్ధతి కాదు. ఎవరు చూసినా ఒకేలా ఉండాలనే కదా యాప్ పెట్టింది. సరే, మీరు ఎలుగుకు ఎప్పుడైనా ఆహారం పెట్టారా?"

వారానికి రెండుసార్లు కంచె దగ్గరికి క్యారేజీ పంపిస్తానని, ఆయనకు జొన్నరొట్టె, గోంగూర ఇష్టమని చెప్పాను. నిజం చెబితే మేలు జరుగుతుందనుకున్నాను. ఆయన రాసుకున్నారు. ఎలుగు ఊళ్లోకి రావడానికి కారణం ఈ స్త్రీ ఆహారం అలవాటు చేయడమేనని తేల్చారు. మర్నాడు కంచె పొడవునా బోర్డులు వెలిశాయి. 'వన్యప్రాణులకు ఆహారం ఇవ్వరాదు.' మా ఇంటి నుంచి వెళ్లే దారి చివర ఉన్న బోర్డు మీద మాత్రం అదనంగా 'జొన్నరొట్టె సహా' అని రాశారు.

అయితే ఒక దారి ఉందని ప్రత్యేకాధికారి గారే చెప్పారు. అసలు ఎలుగు అంటూ వేరే ఉంటే, దాని ముఖం సూటిగా, ఆరడుగుల లోపు నుంచి, ఒక్క ఫోటో తెచ్చి ఇవ్వాలి. అది పదిహేడో నంబరుతో సరిపోలిన క్షణం మా ఆయన మనిషి అవుతాడు. ఆ మాట నేను మస్తాన్ వలి అన్నతో చెప్పి పంపాను. ఒక్క ఫోటో తియ్యి, ఇంటికి రా అని.

పన్నెండు రోజులకు పట్టపగలు కంచె దగ్గరికి రమ్మని కబురు వచ్చింది. ఎనిమిదో నెల పొట్టతో నేను నడిచే నడకకు అరగంట పట్టింది. కంచె అవతల మా ఆయన నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. మెడలో కెమెరా అలాగే ఉంది. ఫోటో ఏది అన్నాను.

ముందురోజు అది ఎదురుపడిందట. వాగు మలుపు తిరగ్గానే, ఐదడుగుల దూరంలో. పిల్లలు రెండూ వీపు మీదే ఉన్నాయి, ఇప్పుడు పెద్దవై జారిపోతున్నాయట. అది కదల్లేదు, అరవలేదు, ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. రెండు చెవులూ కనపడుతున్నాయి. వెలుతురు ఎంత బాగుందో కూడా చెప్పాడు, ఆకుల్లోంచి దాని మూతి మీద పడుతున్నదట. ఫోను ఒక చేతిలో, కెమెరా ఒక చేతిలో.

"తీశావా?"

"తొమ్మిదేళ్ల నుంచి అది ఇటు తిరిగిద్దని చూస్తన్నా కాశీ. నిన్న తిరిగింది." కంచె తీగ పట్టుకుని దగ్గరికి జరిగాడు. "తీస్తే రేపటి నుంచి రోజుకు రెండు పూటలా దాని మీదకి పోతారు. బోనొచ్చిద్ది, డప్పులొస్తయ్యి. నేనైతే కూసుంటా. అది కూసోదు."

నేను తిట్టాను. నోటికి ఏది వస్తే అది తిట్టాను. నీకు పెళ్లాం బిడ్డల కంటే ఎలుగు ఎక్కువా అన్నాను. ఆయన అన్నీ విన్నాడు. ఆ తర్వాత కడుపు మీద చెయ్యి పెట్టి చూస్తానన్నాడు. కంచె తీగల మధ్య నుంచి చెయ్యి పట్టింది. బిడ్డ తన్నింది. మూడు కావస్తున్నదని, హాజరుకు టైమైందని వెళ్లిపోయాడు. నేను తెచ్చిన రొట్టె, బోర్డు పక్కనే వాళ్లు పెట్టిన మనిషి తీసేసుకున్నాడు. అది తిన్నాడో, సాక్ష్యంగా దాచాడో తెలియదు.

ఇప్పుడు నాకు తొమ్మిదో నెల. కంచె దాకా కూడా నడవలేను. ఎలుగు 17ను చూడటానికి బయటి ఊళ్ల నుంచి పెద్ద పెద్ద కెమెరాలతో జనం వస్తున్నారట. దేశంలో ఎక్కడా ఎలుగు ఇంత నిలకడగా కూర్చోదని వాళ్లు అంటున్నారట. దాని కోసం మద్దిచెట్టు దగ్గర మంచె కట్టారు. ఫోటో సరిగా రాని వాళ్లకు ఆ ఎలుగే, వెలుతురు వెనక ఉంది, ఇటు వచ్చి తీయండి అని చెబుతున్నదట. రేంజరు గారు దాన్ని కూడా పథకం విజయంగానే రాసుకున్నారు.

మీరు కెమెరా పట్టుకుని వెదురుకోన వైపు వెళ్లేవాళ్లయితే ఒక్క మాట. మంచె మీద నుంచి చూస్తే ఎడమ పక్క బండ మీద ఆయన కూర్చుని ఉంటాడు, పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం మూడుకు. ఫోటో మీ ఇష్టం, తీసుకోండి, ఆయన ఏమీ అనడు. తీశాక మాత్రం కొంచెం ఆగి, దగ్గుతున్నాడేమో వినండి. కళ్లు లోతుకు పోయాయేమో చూడండి. అన్నం తిన్నావా అన్నా అని అడగండి. తిన్నానంటే నమ్మకండి, ఆయన అలాగే అంటాడు, ఏం తిన్నావని అడగండి. ఏం చెప్పాడో ఎవరితోనైనా సున్నిపాడుకు కబురు పంపండి. కాశమ్మ ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు.